పన్నెండు సీసాల గోళ్ళరంగు

అరసవల్లిలో గుడికి వెళ్ళే దారిన ఒక ఫ్యాన్సీ షాపు ఉంది. మేనకోడలికి గాజులు కొందామని మొన్న ఆదివారం అందులోకి వెళ్ళాను. షాపామె అటక మీద నుంచి గాజుల పెట్టెలు దించుతుంటే, వాటితోపాటు ఒక పాత అట్టపెట్టె కూడా జారి కౌంటరు మీద పడింది. లోపల వరసగా చిన్న సీసాలు. రంగులేని నెయిల్ పాలిష్. మూతల మీద దుమ్ము గట్టిగా పేరుకుపోయి ఉంది.

"ఇదేటమ్మా, రంగు లేని గోళ్ళరంగు కూడా కొంటారా?" అని ఎగతాళి చేశాను.

"ఎవులూ కొనరు. ఒకాయన కొనీవోడు, డజన్లకి డజన్లు. ఆమదాలవలసలో కంప్యూటర్లు బిగించీవోడు," అంటూ ఆమె పెట్టెను పక్కకి తోసింది. "పోనాడు పాపం. కార్తీకమాసంలో. వైజాగ్ నుంచి రైల్లో వస్తా వస్తా, కూకున్నోడు కూకున్నట్టే పోనాడంట. ఒళ్ళో సామాను పెట్టె అలాగే ఉన్నాదంట."

నా చేతిలో రెండు గాజులు ఉండాలి. వాటిని ఎప్పుడు కింద పెట్టానో నాకు తెలియదు. షాపామె ఇంకేదో అంటోంది, బయట ఆటోలవాళ్ళు జనాన్ని పిలుస్తున్నారు, నాకు మాత్రం ఏదీ సరిగా వినపడలేదు. చావు కబుర్లు నాకు కొత్త కాదు. మాది వేటకెళ్ళే కుటుంబం. సముద్రం మీద నుంచి ఏ పూట ఏ కబురొచ్చినా తట్టుకోవాలని చిన్నప్పటి నుంచీ నేర్పించే పెంచారు. కానీ ఈయన చావు గాజుల పెట్టె వెంట అటక మీద నుంచి జారి పడుతుందని ఎవరనుకుంటారు? ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర నాలుగేళ్ళుగా ఉండిపోయింది. ఎప్పుడైనా చెప్పొచ్చులే, మనిషి ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో ఆయన షాపుకి ఒక ఫ్లెక్సీ ఉండేది. అందులో సగం గాలికి చిరిగిపోయి "కంప్యూటర్స్" అన్న ముక్క మాత్రం మిగిలింది. మిగతా సగం మీద ఏముండేదో నేను అడగలేదు, ఆయనా కొత్తది వేయించలేదు. నా ఫోనులో "సిస్టమ్ బాబాయ్" అని ఉంది.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది రెండువేల పన్నెండులో. మా ఆయన గుజరాత్ వెళ్ళి వేరావల్ బోట్ల మీద ఒక సీజనంతా పనిచేసి వచ్చాడు. ఆ డబ్బులో ఇరవై రెండు వేలు నా చేతిలో పెట్టి, "నువ్వు అన్నావు కదా, కొనుక్కో," అన్నాడు. మా ఊళ్ళో అప్పటికి కంప్యూటర్ లేదు. పెళ్ళికార్డుకైనా, అర్జీకైనా శ్రీకాకుళం బస్సెక్కాల్సిందే. నేను టైపు నేర్చుకున్నదాన్ని. ఇంట్లో ఒక మిషను ఉంటే ఊరి పనులన్నీ నా అరుగు మీదకే వస్తాయని నా లెక్క. మా ఆయన ఎనిమిది నెలలు ఉప్పునీళ్ళలో నానిన డబ్బు అది. పోతే మళ్ళీ రాదు.

వైజాగ్‌లో హార్డ్‌వేర్ కోర్సు చేస్తున్న మా మరిది ఏమేం కొనాలో జాబితా రాసి ఇచ్చాడు. అది పట్టుకుని వెళ్ళాను. షాపులో కుర్చీ లేదు. ఆయన ఒక పాత మానిటర్ అట్టపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడుకి తాడు బదులు నీలం రంగు నెట్‌వర్క్ వైరు ముక్క కట్టుకున్నాడు. జాబితా తీసుకున్నాడు గాని దానివైపు చూడలేదు.

"సముద్రం ఎంత దూరం?" అన్నాడు.

"ఏ సముద్రం?"

"మీ ఇంటికి తల్లీ."

"ఇంటెనకే. అలలు ఇనబడతాయి."

"కిలోమీటరుంటాదా?"

"అందులో సగం కూడా ఉండదు."

"ఇంట్లో ఎండుసేపలు ఆరబెడతారా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. బస్సులో మా ఆడవాళ్ళు చేపలబుట్టతో ఎక్కితే పక్క సీటువాళ్ళు ముక్కు మూసుకుని లేచిపోవడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. "ఆరబెడితే ఏటి? నీ సిస్టమ్‌కి వాసనొస్తాదేటి?" అన్నాను.

"వాసన కాదు, ఉప్పు," అన్నాడు నెమ్మదిగా. పక్కన పడి ఉన్న ఒక చచ్చిపోయిన మదర్‌బోర్డు తీసి, దాని అడుగున వేలు రాసి, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. "ఉప్పు. నౌపడది," అన్నాడు.

"ఊరి పేరు కూడా రుచిలో తెలిసిపోతాదా?"

"ఊరు సీటీ మీద రాసున్నాది," అని బోర్డుకి కట్టిన కాగితం చూపించాడు. నవ్వలేదు. నేను నవ్వాను. కోపం కాస్త దిగింది.

అప్పుడు రెండో ప్రశ్న అడిగాడు. "ఏటి సేస్తావు దీంతో?" ధర గురించి ఇంకా మాట లేదు. నేను చెబుతూనే ఉన్నాను: తెలుగు టైపు, పెళ్ళికార్డులు, అర్జీలు, స్కానింగు. ఆయన పెళ్ళి శుభలేఖ ఒకటి తిరగేసి, దాని వెనక రాసుకుంటూ, మా మరిది జాబితాలో ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాడు.

"గ్రాఫిక్స్ కార్డు ఏల? ఆటలాడతావేటి?"

"నేదు."

కొట్టేశాడు. "లైట్లెలిగే కేబినెట్ ఏల? దీపావళికా?" కొట్టేశాడు. డీవీడీ రైటరు కొట్టేశాడు. స్పీకర్లు కొట్టేశాడు. పెద్ద ప్రాసెసర్ తీసేసి చిన్నది రాశాడు. జాబితా కొట్టేసిన గీతలతో నల్లబడుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఇరవై రెండు వేలకి ఏమీ రాదేమో అనుకున్నాను. తీరా అలా మిగిలిన డబ్బంతా తీసుకెళ్ళి రెండింటి మీద పెట్టాడు. ఒకటి మానిటర్. "కళ్ళు నీవి. అక్కడ కక్కుర్తి పడకు." రెండోది ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల అన్నిటికీ కరెంటు పంచిపెట్టే డబ్బా. "వంటిల్లు బాగుంటే ఇంట్లో అందరూ తింటారు. ఇది వంటిల్లు."

ర్యామ్ మా మరిది రెండు ముక్కలు రాశాడు. ఈయన అంత ర్యామూ ఒకే ముక్కలో వచ్చేలా రాసి, రెండో గాడి ఖాళీగా వదిలేశాడు. "ఒక గది ఖాళీగా ఉంచుకో తల్లీ. రేపు సుట్టం వస్తాడు. అప్పుడు సూసుకుందాం," అన్నాడు. అన్నట్టుగానే మూడేళ్ళకి ఇంకో ర్యామ్ ముక్క అవసరపడి ఆ చుట్టం వచ్చాడు. అప్పటికి ఆ గాడి ఉన్న బోర్డు నా దగ్గర లేదు.

సామాను కోసం ఆయన పొద్దున్న రైలెక్కి వైజాగ్ వెళ్ళేవాడు, సాయంత్రం పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని దిగేవాడు. పై బెర్తు మీద పెట్టడు, కింద పెట్టడు. తన పనిలో ఆయనకు ఇలాంటి పట్టింపులు చాలా ఉండేవి. ర్యామ్ ముట్టుకునే ముందు కిటికీ ఇనుప చువ్వను ఒకసారి పట్టుకునేవాడు. దేవుడికి దండం పెడుతున్నాడని నేను అనుకున్నాను. ఒంట్లో ఉన్న కరెంటు పోడానికట. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు అరచేతిలో పెట్టుకుని కూరగాయ తూచినట్టు తూచేవాడు, అయినా నమ్మకం కుదరక మరలు ఊడదీసి లోపల చూసేవాడు. ఒకసారి నా ఎదుటే ఒకటి విప్పాడు. లోపల ఒక ఇనుప ముక్కకు జిగురు రాసి అంటించి ఉంది, చేతికి బరువుగా తగలడానికి. నేను నోరు తెరిచాను.

"దీనికి సీలున్నాది సూడు," అన్నాడు ఆ డబ్బా నాకిచ్చి. "మెరిసీ సీలు."

ఆ మాట నేను విన్నాను. ఈ చెవులతోనే విన్నాను. అయినా తర్వాత నేను చేసిన పని చూడండి.

సామాను వచ్చాక "మూడ్రోజులాగి రా," అన్నాడు. ఎందుకని అడిగితే "పనున్నాది," అన్నాడు. ఆయనలో పెద్ద లోపం అదే. చేసేవాడు, చెప్పేవాడు కాదు. చెబితే గొప్పలు చెప్పుకున్నట్టని ఆయన ఉద్దేశం. గారంటీ ఎన్నాళ్ళని అడిగితే, "కంపెనీది సెల్లదు. నాది సెల్లుతాది. నా పేణం ఉన్నంతకాలం," అన్నాడు. కంపెనీది ఎందుకు చెల్లదో మాత్రం చెప్పలేదు. నేనూ రెట్టించలేదు. మిషను ఎప్పుడు ఇంటికొస్తుందా అన్న తొందరే నాది.

మిషను వచ్చింది. నెల తిరక్కుండానే మా అరుగు మీద జనం. ఊళ్ళో ఆ ఏడాది జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ నేనే కార్డు కొట్టాను. అత్తమ్మ చేపలు ఆరబెట్టే తడికలు ఒక పక్కకి జరుపుకుని, "ఈ డబ్బా నా సేపల కన్నా బాగా అమ్ముడవుతన్నాదే," అని మురిసిపోయేది.

ఆ మరుసటి ఏడాది మొదట్లో మా మరిది సెలవుకి వచ్చాడు. తన జాబితా ఎందుకు కొట్టేశారన్న ఉక్రోషం ఉండనే ఉంది. మిషను డబ్బా, అదే కేబినెట్, తలుపు తీశాడు. తీసి, టార్చి వేసి చూసి, "ఒదినా, నిన్ను ముంచీసినాడు," అన్నాడు.

బోర్డు మీద ఏదో మెరుస్తోంది. వార్నిష్ కొట్టినట్టు. ముక్కు దగ్గర పెడితే ఘాటుగా వాసన. కంపెనీ స్టిక్కర్ మీద కూడా అదే పూత. అంచున చిన్న టేపు ముక్క అంటించి, దాని మీద పెన్నుతో రాత. "ఇంటి వెనకే. ఎండుచేపలు," అని. అది చదివి నా ముఖం కందగడ్డ అయింది.

"కొత్త బోర్డు మీద ఇలగ ఉండదు. ఇది పాతది. ఎక్కడో కాలిపోతే రిపేరు సేసి, రంగేసి నీకు అంటగట్టినాడు. సీలు సూపించినాడా నీకు?" అన్నాడు మరిది.

చూపించలేదు. నేను వెళ్ళేసరికే అన్నీ విప్పేసి ఉన్నాయి. మూడు రోజులు ఎందుకు ఆగమన్నాడో అప్పుడు తెలిసింది అనుకున్నాను. కేబినెట్‌ను పాత చీరలో మూట కట్టి, నెత్తిన పెట్టుకుని బస్సెక్కాను.

షాపులో నలుగురైదుగురు ఉన్నారు. అది నాకు ఇంకా బలం ఇచ్చింది. మూట బల్ల మీద దబ్బున పెట్టి, "సీలేది?" అన్నాను.

"తీసీసినాను తల్లీ."

"ఏల తీసినావు? ఈ పూతేటి?"

ఆయన నా ముఖంలోకి, తర్వాత జనం ముఖాల్లోకి చూశాడు. "గోళ్ళరంగు," అన్నాడు.

షాపంతా గొల్లుమంది. ఆడవాళ్ళ గోళ్ళరంగు, యాభై ఏళ్ళ మగవాడు, మదర్‌బోర్డుకి. నవ్వరా మరి. ఆయన ఏదో చెప్పబోయాడు. ఉప్పుగాలి అన్నాడు, టంకం అన్నాడు, తుప్పు అన్నాడు. ఆ నవ్వుల్లో అవి నాకు తప్పించుకోవడానికి చెప్పే సాకుల్లా వినిపించాయి.

"నా గోళ్ళకే రాసుకోను నాను. నా మొగుడు సముద్రం మీద ఎనిమిది నెలలు బతికీ సచ్చీ తెచ్చిన డబ్బుకి గోళ్ళరంగు పూస్తావా? సీలున్నది ఇయ్యి. నేదంటే ఇక్కడే కూకుంటాను, ఒచ్చినోళ్ళందరికీ సెప్తాను," అన్నాను. నా గొంతు ఎంత పెద్దదో మా వీధిలో అడగండి. అవతల బడ్డీల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

ఆయన వాదించలేదు. కిటికీ చువ్వ పట్టుకున్నాడు. నా బోర్డు ఊడదీసి, గుడ్డలో చుట్టి అరలో పెట్టాడు. కొత్త పెట్టె ఒకటి తీసి, దాని సీలు నాకు చూపించి, నన్నే చింపమన్నాడు. చింపాను. బిగించే ముందు ఒక్కసారి ఆగాడు.

"దీనికి రాయమంటావా?"

"దాన్ని ముట్టుకోవద్దు."

"మంచిది," అన్నాడు. మర బిగిస్తూ, "రెండేళ్ళు సూద్దాం తల్లీ. ఎవులిది తప్పో సముద్రమే సెప్తాది," అన్నాడు. అందులో కోపం లేదు. పందెం కట్టేవాడి హుషారు కూడా లేదు. నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టే అన్నాడు. నేను గెలిచానన్న గీరతో ఇంటికొచ్చాను. చింపిన సీలు ముక్క పర్సులో పెట్టుకున్నాను.

రెండేళ్ళు కూడా పట్టలేదు. ఆ మరుసటి ఏడాది అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చింది. మా ఇంటికి పెద్ద నష్టం లేదు గాని, పది రోజులు గాలిలో ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. వలలు, తెప్పలు పోయినవాళ్ళంతా పరిహారం అర్జీల కోసం మా అరుగు మీద కూర్చున్నారు. నేను బటన్ నొక్కాను. మిషను లేవలేదు. మళ్ళీ నొక్కాను. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

కేబినెట్ విప్పి బోర్డు బయటికి తీశాను. అడుగున చిన్న చిన్న కాళ్ళన్నిటికీ పచ్చటి తుప్పు. అర్జీలవాళ్ళు చూస్తుండగానే, నేనేం చేస్తున్నానో నాకే తెలియకుండా, దాని మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ఎదురుగా బోర్డు, నోట్లో ఉప్పు, పర్సులో సీలు ముక్క. ఆ వారమంతా అర్జీలు చేత్తో రాసిచ్చాను. వేళ్ళు వాచిపోయాయి. తప్పు నాదని తెలిశాక కూడా ఆమదాలవలస వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. అంతమందిలో అంత నోరు పారేసుకున్నదాన్ని, ఇప్పుడు ఆ షాపు గడప ఎలా ఎక్కను? శ్రీకాకుళంలో ఇంకో షాపుకి వెళ్ళి, ఇంకో సీలున్న బోర్డు కొనుక్కున్నాను.

ఇంతవరకు చెప్పింది నా తెలివితక్కువతనం. ఇక చెప్పబోయేది అది కాదు.

ఆ తుఫాను వెళ్ళిన మూడు నాలుగు నెలలకు, రథసప్తమి ముందు, ఒక సాయంత్రం నేను ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగాను. ఆయన కూడా అదే రైలు దిగి బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో అట్టపెట్టె, మెడలో నీలం వైరు. చూడనట్టు తప్పుకుందామనుకున్నాను. ఆయన చూశాడు. చూసి, లేచి నిలబడ్డాడు.

"రెండేళ్ళయినాది తల్లీ," అన్నాడు. పలకరింపు లేదు, నిష్ఠూరం లేదు. "సిస్టమ్ ఆడతన్నాదా?"

చచ్చిపోయింది బాబాయ్, నువ్వు చెప్పిందే నిజం. అంతే కదా అనాల్సింది. గొంతు దాకా వచ్చింది. జనం ఎవరూ లేరు కూడా, నేనూ ఆయనా తప్ప. అయినా నా నోటి నుంచి వచ్చింది ఇది:

"బెమ్మాండంగా ఆడతన్నాది బాబాయ్."

"తుఫానుకి కూడా ఏటీ అవలేదా?"

"ఏటీ అవలేదు."

"తుప్పు?"

"నేదు."

ఆయన అట్టపెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అలాగేటి," అన్నాడు. "మంచిది. మంచిదే కదా." నేను ఆటో ఎక్కేశాను. వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక చిన్న అబద్ధం చెప్పి గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను, అంతే.

ఆ మరుసటి ఏడాది మా ఊరి ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో ప్రింటరు కదలడం లేదని కబురొస్తే వెళ్ళాను. అక్కడి గుమస్తా వరసకు నాకు మావ. కేబినెట్ విప్పగానే వాసన. ఘాటు పోయి సన్నగా మిగిలింది గాని అదే వాసన. అంచున టేపు. "ఇంటి వెనకే. ఎండుచేపలు."

"ఈ బోర్డు నీకెక్కడిది మావా?" అన్నాను.

"ఆమదాలవలసలో బిగించినారు. మూడేళ్ళయినాది. తక్కువకే ఇచ్చినాడు. ఏటి అంత తక్కువ అంటే, ఇది మాట పడ్డ బోర్డు, కొత్త దాని రేటు తీసుకోకూడదు అన్నాడు. తుఫానుకి గోడ పడిపోనాది గాని ఇది మాత్రం ఒక్కపూట ఆగనేదు."

సముద్రానికి మా ఇంటికన్నా దగ్గర ఆ ఫ్యాక్టరీ. చుట్టూ ఐసు, ఉప్పు, తడి. ఆ బోర్డు అడుగుభాగం అద్దంలా శుభ్రంగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేకపోయాను. ఆ సాయంత్రం ఫోనులో సిస్టమ్ బాబాయ్ నంబరు నొక్కి, అవతల మోగకముందే కట్ చేశాను. అలా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఆయన దగ్గర ఇంకా గోళ్ళరంగు ఉంది, ఇంకా బోర్డులు ఉన్నాయి, నా ఒక్క మాటతో ఆయన పనికి ఏం లోటు అని సర్దిచెప్పుకున్నాను. ఇన్నాళ్ళూ అదే నమ్మకంతో బతికాను.

అందుకే ఆ రోజు ఫ్యాన్సీ షాపులో, కాస్త తేరుకున్నాక, నేను అడిగిన మొదటి మాట ఇది: "ఆయన పోయాక మిగిలిపోనాయా ఇవి? ఆయన కోసమని తెప్పించి ఉంచినారా?"

"కాదమ్మా. ఆయనే ఎనక్కి తెచ్చి ఇచ్చీసినాడు. పోయిందిప్పుడు గాని, ఇచ్చీసి నాలుగేళ్ళు దాటిపోనాది," అంది షాపామె. గాజులు చుట్టడం ఆపి, గుర్తు తెచ్చుకుంటూ చెప్పింది. "అమ్మిన సరుకు నాను ఎనక్కి తీసుకోను. అయినా ఆయన మొకం సూసి కాదననేకపోనాను. బదులుగా ఇంటామెకి గాజులు పట్టుకెళ్ళినాడు. రథసప్తమి ఎల్లిన వారం అది. గుడి దగ్గర పందిళ్ళు ఇంకా ఇప్పనేదు."

"ఏల ఇచ్చీసినాడు?"

"నానూ అదే అడిగినాను. ఏటి బాబూ, గోళ్ళు అరిగిపోనాయా అని నవ్వినాను. ఆయన ఏటన్నాడో తెలుసా? ఇరవై ఏళ్ళ బట్టి నాను సేసిందంతా తప్పేనమ్మా, అన్నాడు. సముద్రం ఒడ్డున ఒక తల్లికి ఏ పూతా నేకుండా సిస్టమ్ ఇచ్చినాడంట. రెండేళ్ళయినా, తుఫానొచ్చినా దానికి సీమ కుట్టినట్టయినా అవనేదంట. ఆ తల్లే స్వయంగా సెప్పిందంట, స్టేషన్లో. అనవసరంగా జనానికి పూసి, ఆళ్ళ గారంటీలు పోగొట్టినాను, ఇంక నుంచి సీలుతోనే ఇచ్చీస్తాను అన్నాడు." ఆమె సీసా ఒకటి తీసి దుమ్ము తుడిచింది. "నవ్వుతానే అన్నాడు గాని, కళ్ళలో నీళ్ళున్నాయి. నాకేటీ అర్థమవనేదు."

నాకు అర్థమైంది. ఆ నాలుగేళ్ళలో మా తీరం పొడవునా చచ్చిపోయిన మిషన్లన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. పక్క ఊరి బళ్ళో రెండు. పీజీ చదివి నెట్ సెంటరు పెట్టుకున్న మా పిన్నమ్మ కూతురిది ఒకటి. రొయ్యల హేచరీవాళ్ళవి మూడు. అవన్నీ ఆయన బిగించినవే, సీలుతో ఇచ్చినవే. ఆయన పనితనం పోయిందిరా, ముసలోడయిపోయాడు అని జనం అనుకుంటుంటే నేనూ విన్నాను. విని ఊరుకున్నాను. జనం మాటకి ఆయన బెదరలేదు. నలుగురిలో నేను తిట్టిన తిట్లకీ బెదరలేదు. ఆ తర్వాత కూడా రెండేళ్ళు పూత రాస్తూనే ఉన్నాడు. ఆయన్ని పడగొట్టింది బెంచీ దగ్గర నేను మర్యాదగా చెప్పిన అబద్ధం. ఎందుకంటే దాన్ని ఆయన నమ్మాడు. చనిపోయే రోజు ఒళ్ళో పెట్టుకున్న పెట్టెలు కూడా సీలుతోనే ఉండి ఉంటాయి.

"ఇంతకీ దేనికి రాసీవోడమ్మా ఇది? ఎంతమంది ఆడపిల్లలో పాపం అనుకునీదాన్ని. నీకేటైనా తెలుసా?" అంది షాపామె.

"తెలుసు," అన్నాను. నాలుగేళ్ళు దాచుకున్న మాట ఆ గాజుల షాపులో, పేరు తెలియని ఆమె ముందు బయటికి వచ్చింది. "సచ్చిపోయింది. ఆ సిస్టమ్ రెండేళ్ళు కూడా ఆడనేదు. తుఫానుకే సచ్చిపోయింది."

ఆమె చేతిలోని సీసాను తిరిగి పెట్టెలో పెట్టింది. ఆ తల్లి ఎవరని అడగలేదు.

"ఆయనకి సెప్పీవలిసిందమ్మా," అంది.

గాజులు కొనలేదు. ఆ అట్టపెట్టె ఎంత అని అడిగాను. పాడైపోయినవి, డబ్బులెందుకు, పట్టుకెళ్ళమంది. బయట మెట్ల మీద కూర్చుని ఒక సీసా తీసి ఊపి చూశాను. లోపలిది ఎప్పుడో గడ్డకట్టిపోయింది. ఇంకొకటి తీశాను. పన్నెండూ ఊపి చూశాను. ఏదీ కదల్లేదు.